తెలుగు వెర్షన్‌ అంటే చివరి వారం పని కాదు

ఇంజినీరింగ్‌ అయ్యాక నా మొదటి ఉద్యోగం ఓ చిన్న కంపెనీలో. బస్‌ టికెట్ల యాప్‌ తయారుచేసేవాళ్లం. విడుదలకు సరిగ్గా వారం ముందు మేనేజర్‌ పిలిచి, ‘నీది తెలుగే కదా, యాప్‌ని తెలుగులో పెట్టెయ్‌’ అన్నారు. ఓ ఎక్సెల్‌ షీట్‌ చేతికొచ్చింది. ఎడమ కాలమ్‌లో ఇంగ్లిష్‌ మాటలు. కుడి కాలమ్‌ ఖాళీ. ఏ మాట ఏ స్క్రీన్‌ మీద కనిపిస్తుందో అందులో లేదు. నేనూ అడగలేదు. రెండు రాత్రులు కూర్చుని నింపేశాను. ‘క్యాన్సిల్‌’ అని ఉన్నచోట ‘రద్దు చేయండి’ అని రాశాను. నిఘంటువు తీసినా అదే కనిపిస్తుంది కదా!

నెల తిరక్కుండానే ఫిర్యాదులు మొదలయ్యాయి. టికెట్‌ రద్దు చేసుకున్నాం, డబ్బులు వెనక్కి రాలేదని. రికార్డులు చూస్తే ఆ టికెట్లు అసలు రద్దే కాలేదు. యాప్‌ తెరిచి తెలుగులో పెట్టుకుని చూశాక విషయం అర్థమైంది. ‘మీ టికెట్‌ను రద్దు చేయాలా?’ అని ప్రశ్న. కింద రెండు బటన్లు. ఒకటి ‘సరే’, రెండోది ‘రద్దు చేయండి’. టికెట్‌ వద్దనుకున్న మనిషి ఏది నొక్కుతాడు? రెండోదే. కానీ ఆ బటన్‌ చేసే పని ప్రశ్నను మూసేసి వెనక్కి పంపడం. బాక్సు మూసుకుపోయింది, టికెట్‌ అలాగే ఉండిపోయింది, బస్సు వెళ్లిపోయింది. ఇంగ్లిష్‌లోనూ ఆ స్క్రీన్‌ గొప్పగా లేదు. కానీ ఆ బటన్‌ అంటే ‘వెనక్కి’ అని వాడేవాళ్లకు ఏళ్ల తరబడి అలవాటు. తెలుగులో ఆ అలవాటు లేదు, మాటకు ఉన్న అర్థమే ఉంది. ‘రద్దు అని ఉన్నదాన్నే నొక్కాను బాబూ’ అని ఫోన్‌లో ఒక పెద్దాయన చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది.

తప్పు ఎక్కడ జరిగింది? కొంత నాది, అడగకుండా నింపినందుకు. ఎక్కువ భాగం ఫైల్‌ది. ‘క్యాన్సిల్‌’ అనే ఒకే పేరును యాప్‌లో దొరికిన ప్రతిచోటా వాడేశారు. ఒకచోట టికెట్‌ రద్దు, ఇంకోచోట బాక్సు మూసివేత, మరోచోట చెల్లింపు ఆపడం. మూడింటికీ తెలుగులో మూడు మాటలు కావాలి. ఫైల్లో ఉన్నది ఒక్క గడే.

ఈ పేజీ చదివేవాళ్లలో చాలామంది కోడింగ్‌ నేర్చుకుంటున్నారు, ఉద్యోగం వెతుక్కుంటున్నారు. అందుకే చెబుతున్నా. సాఫ్ట్‌వేర్‌ను మన భాషలోకి తేవడం అనువాదకులకు అప్పగించి చేతులు దులుపుకొనే పని కాదు. అది ఇంజినీరింగ్‌ పని. అందులో సగం ఫైళ్లను క్రమంగా పెట్టుకోవడమే. మన కాలేజీల్లో దీన్ని పెద్దగా పట్టించుకోరు. మనమే నేర్చుకోవాలి.

అసలు ఈ ఫైళ్లేంటి?

ముందు ఒక సూత్రం. మనిషి చదివే మాటేదీ కోడ్‌ లోపల ఉండకూడదు. బటన్‌ మీద మాట, హెచ్చరిక, శీర్షిక అన్నీ విడిగా ఒక ఫైల్లో ఉండాలి. ప్రతి మాటకూ ఒక పేరు పెడతాం, దాన్నే ‘కీ’ అంటాం. కోడ్‌ ఆ కీని మాత్రమే పిలుస్తుంది. ఫోన్‌ తెలుగులో ఉంటే తెలుగు ఫైల్‌ నుంచి, హిందీలో ఉంటే హిందీ ఫైల్‌ నుంచి మాట వస్తుంది. కోడ్‌ను ఇలా సిద్ధం చేయడాన్ని ఇంటర్నేషనలైజేషన్‌ అంటారు. ఆ ఇంగ్లిష్‌ మాటలో మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ మధ్య 18 అక్షరాలు ఉంటాయి కాబట్టి పొట్టిగా ‘ఐ18ఎన్‌’. ఆ తర్వాత ఒక్కో భాషకు తగ్గట్టు మలచడం లోకలైజేషన్‌, అంటే ‘ఎల్‌10ఎన్‌’. ఉద్యోగ ప్రకటనల్లో ఈ పొట్టి పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. విషయం ఇదే.

ఒక్కో వేదికకు ఒక్కో పద్ధతి ఉంది. ఆండ్రాయిడ్‌లో ‘వాల్యూస్‌’ అనే ఫోల్డర్‌లో అసలు మాటలుంటాయి. దాని పక్కనే అదే పేరుకు ఒక గీత, తర్వాత తెలుగు కోడ్‌ ‘టీఈ’ చేర్చి ఇంకో ఫోల్డర్‌ పెడతాం. ఫైల్‌ పేరు రెండింట్లోనూ ఒకటే. జావాలో ప్రాపర్టీస్‌ ఫైళ్లు. వెబ్‌సైట్లలో ఎక్కువగా జేసన్‌ ఫైళ్లు. లైనక్స్‌ సాఫ్ట్‌వేర్లు, వర్డ్‌ప్రెస్‌ వంటివి ‘గెట్‌టెక్స్ట్‌’ అనే పద్ధతిని వాడతాయి, అందులో ‘పీఓ’ ఫైళ్లుంటాయి. రూపం మారుతుందే గానీ ఆలోచన ఒకటే: ఇటు కీ, అటు మాట.

క్రమం ఎలా ఉండాలి?

పది స్క్రీన్ల ప్రాజెక్టుకు ఎలా పెట్టుకున్నా నడిచిపోతుంది. వంద స్క్రీన్లు, ఆరు భాషలు అయ్యేసరికి తలనొప్పి మొదలవుతుంది. అప్పుడు సర్దడం కంటే మొదటి రోజే నాలుగు నియమాలు పెట్టుకోవడం సులువు.

మొదటిది, కీ పేరు. మాటను బట్టి కాదు, అది చేసే పనిని బట్టి పేరు పెట్టండి. ‘క్యాన్సిల్‌’ అని కాకుండా ‘టికెట్‌-రద్దు-బటన్‌’, ‘బాక్సు-మూసివేత-బటన్‌’ అని అర్థం వచ్చేలా ఉండాలి. ఇంగ్లిష్‌లో రెండుచోట్లా ఒకే మాట ఉన్నా కీలు మాత్రం వేరుగా ఉండాలి. ‘ఓపెన్‌’ అనే మాటే చూడండి. ఫైల్‌ పక్కన ఉంటే ‘తెరవండి’. దుకాణం పేరు పక్కన ఉంటే ‘తెరిచి ఉంది’. ‘బుక్‌’ అయితే ఒకచోట పుస్తకం, ఇంకోచోట టికెట్‌ తీసుకోవడం. ఒక్క కీతో ఈ రెండూ ఎలా కుదురుతాయి? గెట్‌టెక్స్ట్‌లో ఇంగ్లిష్‌ వాక్యమే కీగా ఉంటుంది. అందుకే అక్కడ ‘కాంటెక్స్ట్‌’ అనే అదనపు వరుస పెట్టారు. ఒకే మాట రెండు అర్థాల్లో వచ్చినప్పుడు దాంతో విడదీస్తారు.

రెండోది, ఫైళ్ల విభజన. అన్ని మాటలూ ఒకే పెద్ద ఫైల్లో కుమ్మరిస్తే ఇద్దరు ఒకేసారి మార్చిన ప్రతిసారీ గొడవే. లాగిన్‌కి ఒకటి, చెల్లింపులకు ఒకటి, అందరికీ పనికొచ్చే సాధారణ మాటలకు ఒకటి, ఇలా పనిని బట్టి విడగొట్టండి. ప్రతి భాషకూ ఒక ఫోల్డర్‌, దాని లోపల ఇవే పేర్లతో ఫైళ్లు. తెలుగు ఫోల్డర్‌లో ఏముందో చూస్తే కన్నడ ఫోల్డర్‌లో ఏముండాలో చెప్పగలిగేలా ఉండాలి.

మూడోది, భాషా కోడ్‌. దీన్ని ఊహించి రాయకండి. తెలుగుకు ‘టీఈ’. చాలామంది ‘టీఎల్‌’ అనుకుంటారు. అది ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే తగలాగ్‌ భాష కోడ్‌. కన్నడకు ‘కేఎన్‌’. ‘కేఏ’ అని రాస్తే అది జార్జియన్‌ అవుతుంది. భాష ఎంచుకునే చోట దేశాల జెండాలు పెట్టడం ఇంకో పొరపాటు. మన రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లోనే 22 భాషలున్నాయి. వాటన్నిటికీ ఒకే జెండా పెడితే ఎవరు ఏది నొక్కాలి? భాష పేరును ఆ భాష లిపిలోనే రాస్తే చాలు.

నాలుగోది, మాట పక్కన గమనిక. ఇది ఏ స్క్రీన్‌ మీద వస్తుంది, బటనా శీర్షికా, ఎన్ని అక్షరాలు పడతాయి? ఒక్క వాక్యం రాసిపెడితే అనువాదం చేసేవాళ్ల పని సగం తగ్గుతుంది. దీనికి మంచి ఉదాహరణ వికీపీడియా వెనకున్న మీడియావికీ సాఫ్ట్‌వేర్‌. అందులో ఇంగ్లిష్‌కు ఒక జేసన్‌ ఫైల్‌, తెలుగుకు ఒకటి ఉన్నట్టే ‘క్యూక్యూక్యూ’ అనే పేరుతో ఇంకో ఫైల్‌ ఉంటుంది. అది ఏ భాషా కాదు. ప్రతి సందేశం ఎక్కడ వస్తుందో, అందులో ఖాళీల్లోకి ఏం చేరుతుందో వివరించే గమనికల ఫైల్‌. నా ఎక్సెల్‌ షీట్‌లో అలాంటి మూడో కాలమ్‌ ఒక్కటి ఉండి ఉంటే ఆ పెద్దాయన డబ్బులు పోయేవి కాదు.

ఫైల్‌ బాగానే ఉంది, మాట పాతబడింది

అందరూ మర్చిపోయే సంగతి ఇంకొకటుంది. ఇంగ్లిష్‌లో ‘7 రోజుల్లో డబ్బు వాపసు’ అని ఉన్నదాన్ని ‘3 రోజుల్లో’ అని మార్చారనుకోండి. కీ అదే. తెలుగు ఫైల్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఇంగ్లిష్‌ చదివేవాళ్లకు ఒక నిబంధన, తెలుగు చదివేవాళ్లకు ఇంకో నిబంధన! ఏ ఎర్రర్‌ రాదు, ఏ టెస్టూ ఆగదు. గెట్‌టెక్స్ట్‌లో దీనికి ఏర్పాటుంది. అసలు వాక్యం కాస్త మారినా, కలిపే సమయంలో పాత అనువాదం మీద ‘ఫజీ’ అనే గుర్తు పడుతుంది. మనిషి చూసి ఆ గుర్తు తీసేదాకా మామూలుగా ఆ అనువాదాన్ని వాడదు. మామూలు జేసన్‌ ఫైల్‌కి ఆ తెలివి లేదు. కాబట్టి అర్థం మారినప్పుడు కీ కూడా మార్చడం, లేదా వెబ్‌లేట్‌, క్రౌడిన్‌ వంటి అనువాద వేదికలతో ఫైళ్లను కలపడం మంచిది.

అలాగే లేని మాటల సంగతి. తెలుగు ఫైల్లో ఒక కీ లేకపోతే చాలా వ్యవస్థలు చప్పుడు లేకుండా ఇంగ్లిష్‌ చూపిస్తాయి. అందుకే సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌ స్క్రీన్లు ఇన్ని కనిపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో దీనికి తిరగబడ్డ ప్రమాదం కూడా ఉంది. మాట తెలుగు ఫోల్డర్‌లో మాత్రమే ఉండి అసలు ఫోల్డర్‌లో లేకపోతే, వేరే భాషలో ఫోన్‌ వాడేవాళ్ల దగ్గర యాప్‌ కుప్పకూలుతుంది. లింట్‌ అనే తనిఖీ సాధనం తప్పిపోయిన అనువాదాలను పట్టుకుంటుంది. వెబ్‌ ప్రాజెక్టులో అయితే రెండు ఫైళ్ల కీలను పోల్చే చిన్న స్క్రిప్ట్‌ మీరే రాసుకోవచ్చు. పైథాన్‌లో పాతిక లైన్లు కూడా పట్టదు.

తెలుగు పెట్టే పరీక్షలు

ఫైళ్లు ఎంత అందంగా పేర్చినా, వాక్యాన్ని ముక్కలుగా కోసి పెడితే తెలుగు నిలబడదు. ఇంగ్లిష్‌ వాక్యంలో క్రియ మధ్యలో వస్తుంది, మనకు చివర్లో. ముక్కలను కోడ్‌లో అతికిస్తే వచ్చేది తెలుగు అక్షరాల్లో ఇంగ్లిష్‌. కాబట్టి వాక్యం మొత్తం ఒకే కీలో ఉండాలి. పేరు, ఊరు, అంకె వచ్చేచోట పేరుపెట్టిన ఖాళీలుండాలి. వాటిని అనువాదకులు ఎటైనా జరుపుకోగలగాలి.

అప్పుడు విభక్తి ఎదురవుతుంది. ‘విజయవాడకు’ అంటాం, ‘తిరుపతికి’ అంటాం. ఇకారంతో ముగిస్తే ‘కి’, మిగతా చాలావాటికి ‘కు’. ఊరి పేరు వచ్చే ఖాళీ పక్కన ‘కు’ అతికించి పెడితే ‘తిరుపతికు’ అవుతుంది. దాన్ని చూసిన వాడు ఆ యాప్‌ మనవాళ్లు చేసింది కాదనుకుంటాడు. దీనికి కోడ్‌లో వ్యాకరణం రాయనక్కర్లేదు. వాక్యాన్ని మారిస్తే చాలు. ‘ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరు వెళ్లే బస్సు’ అంటే ఏ పేరైనా ఇమిడిపోతుంది. విజయవాడ నుంచి తిరుపతి వెళ్లే బస్సు. మనం మాట్లాడేదీ అలాగే కదా! ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అనే చిక్కు కూడా అంతే. ‘వచ్చారు’ అంటే గౌరవమూ దక్కుతుంది, సమస్యా పోతుంది.

ఇక ఏకవచనం, బహువచనం. యూనికోడ్‌ సంస్థ నిర్వహించే సీఎల్‌డీఆర్‌ అనే సమాచార నిధిలో ఏ భాషకు ఎన్ని వచన రూపాలో ఉంటుంది. తెలుగుకు రెండు. జపనీస్‌కు ఒకటే. అరబిక్‌కు ఆరు. హిందీకీ రెండే, కానీ అక్కడ సున్నా కూడా ఏకవచనం గంపలోకే వెళ్తుంది. మన దగ్గర 1 మాత్రమే. పైగా తెలుగులో నామవాచకంతో పాటు క్రియ కూడా మారుతుంది: ‘1 టికెట్‌ ఉంది’, ‘5 టికెట్లు ఉన్నాయి’. కోడ్‌లో ‘ఒకటి కాకపోతే చివర ఎస్‌ చేర్చు’ అని రాసే అలవాటు మానేయండి. లైబ్రరీలు ఇచ్చే వచన నియమాలు వాడండి. అంకెలూ అంతే. 1,50,000 అని మన పద్ధతిలో కామాలు పెట్టే పని లైబ్రరీకి వదిలేయండి. చేత్తో పెట్టొద్దు.

చిన్నవే అయినా పరువు తీసే సంగతులు ఇంకో రెండున్నాయి. ఫైల్‌ను ఎప్పుడూ యూటీఎఫ్‌-8లోనే సేవ్‌ చేయండి. లేకపోతే తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వరస కడతాయి. ప్రాపర్టీస్‌ ఫైళ్లను నేరుగా యూటీఎఫ్‌-8గా చదవడం జావాలో 9వ వెర్షన్‌ నుంచే వచ్చింది. పాత ప్రాజెక్టుల్లో పనిచేస్తే ఇది గుర్తుంచుకోండి. రెండోది, లైన్‌ ఎత్తు. ఇంగ్లిష్‌కు కొలిచి పెట్టిన బటన్‌లో మన ఒత్తులు కింద తెగిపోతాయి. వెబ్‌ పేజీ అయితే ఆ పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటించండి. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్‌ రీడర్‌ సరైన గొంతు ఎంచుకోవడానికి అదే ఆధారం.

‘ఏఐ ఉందిగా, ఇదంతా ఎందుకు?’

ఈ ప్రశ్న నన్ను చాలామంది విద్యార్థులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. యంత్ర అనువాదం నిజంగానే మెరుగైంది. కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో ‘భాషిణి’ని ప్రారంభించింది. నేనూ మొదటి ప్రతికి యంత్రాన్నే వాడతాను. కానీ ఒక్క ‘క్యాన్సిల్‌’ అనే మాట చేతికిచ్చి అనువదించమంటే, అది టికెట్‌ రద్దో బాక్సు మూసివేతో యంత్రానికెలా తెలుస్తుంది? అప్పట్లో నాకు తెలియనట్టే దానికీ తెలియదు. కీ పేరు స్పష్టంగా ఉండి, పక్కన గమనిక ఉంటే మనిషైనా యంత్రమైనా సరిగ్గా చేస్తుంది. అంటే ఏఐ వచ్చాక ఫైళ్ల క్రమానికి విలువ తగ్గలేదు, పెరిగింది. యంత్రం ఇచ్చినదాన్ని చదివి ‘ఇది మనం మాట్లాడే తెలుగు కాదు’ అని చెప్పగలిగే మనిషి అవసరమూ అలాగే ఉంది.

ఇంకో మాట కూడా వింటాను, ‘ఫోన్లు వాడేవాళ్లకు ఇంగ్లిష్‌ వచ్చులే’ అని. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8.11 కోట్లు. వాళ్లలో మీ ఇంట్లోవాళ్లూ ఉన్నారు. మీ అమ్మో నాన్నో డబ్బు పంపేటప్పుడు ‘ఇది నొక్కనా?’ అని మిమ్మల్ని అడుగుతున్నారా లేదా? ఆ ప్రశ్న వెనక ఉన్న భయం వాళ్ల చదువు లోపం కాదు. ఆ స్క్రీన్‌ తయారుచేసినవాళ్ల బద్ధకం.

ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

ఈ ఒక్క నైపుణ్యంతో ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పను. చెబితే అబద్ధమవుతుంది. కానీ ఒకే కోర్సు, ఒకే రకం ప్రాజెక్టు రాసిన రెజ్యూమెల గుట్టలో మీది విడిగా కనిపించడానికి ఇది మంచి దారి. ఖర్చు లేదు. కావాల్సింది ఓపిక. ఇలా మొదలుపెట్టండి.

- మీ ఫైనలియర్‌ ప్రాజెక్టును మొదటి రోజు నుంచే రెండు భాషల్లో చేయండి. పూర్తయ్యాక తెలుగు చేర్చుదాం అనుకుంటే ఎప్పటికీ చేర్చరు. మొదటి స్క్రీన్‌ రాసేటప్పుడే రెండు ఫోల్డర్లు పెట్టండి.

- ఓపెన్‌ సోర్స్‌ ప్రాజెక్టుల్లో తెలుగు పని చేయండి. మీడియావికీ సందేశాలను ట్రాన్స్‌లేట్‌వికీ డాట్‌ నెట్‌లో, వర్డ్‌ప్రెస్‌ను దాని అనువాద వేదికలో, ఫైర్‌ఫాక్స్‌ను మొజిల్లా వారి ‘పాంటూన్‌’లో ఎవరైనా అనువదించవచ్చు. మీరు చేసిన పని మీ పేరుతో నమోదవుతుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌ కంటే అదే గట్టి సాక్ష్యం.

- అనువాదంతో ఆగకండి. ఆ ప్రాజెక్టు కోడ్‌ తెరిచి ఫైళ్లు ఎలా పేర్చారో చూడండి. అతికించిన వాక్యం, తప్పు వచన నియమం కనిపిస్తే ఫిర్యాదు నమోదు చేయండి. కుదిరితే మీరే సరిచేసి పంపండి.

- రెజ్యూమెలో ‘తెలుగు వచ్చు’ అని రాయకండి. అది అందరికీ వచ్చు. ‘రెండు భాషల యాప్‌లో అనువాద ఫైళ్ల నిర్మాణం, తప్పిన కీలను పట్టే స్క్రిప్ట్‌’ అని చేసిన పని రాయండి. ఇంటర్వ్యూలో ‘కు’, ‘కి’ ఉదాహరణ చెప్పి చూడండి. ఎదుటివాళ్లకు తెలుగు రాకపోయినా ఆ సమస్య అర్థమవుతుంది.

కంపెనీలకూ ఒక మాట. తెలుగు వచ్చిన ఫ్రెషర్‌ చేతిలో విడుదలకు వారం ముందు ఎక్సెల్‌ షీట్‌ పెట్టి, దాన్ని ‘తెలుగు సపోర్ట్‌’ అని ప్రకటనల్లో వేసుకోకండి. డిజైన్‌ గీసే రోజే ఆ కుర్రాణ్నో అమ్మాయినో గదిలో కూర్చోబెట్టండి. అలా పిలవకపోతే, మీరే వెళ్లి అడగండి. అప్పట్లో నేను అడగలేదు.

తర్వాత ఆ ఫైల్‌ను మేం సరిచేశాం. ఒక కీని మూడు చేశాం. ఇప్పుడా ప్రశ్న కింద రెండు బటన్లున్నాయి: ‘టికెట్‌ రద్దు చేయండి’, ‘వద్దు, ఉంచండి’. మార్చడానికి పట్టింది ఒక పూట. ఆ తర్వాత ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు.